ఆట సర్వరుకు చేరే దారి: చారిత్రక పరిణామం

వెబ్‌సైటు తెరిచినప్పుడు మీకు జవాబిచ్చింది ఏ యంత్రమో మీకు పట్టదు. పలువురు కలిసి ఆడే ఆటలో అలా కుదరదు. మీ మిత్రులు ఏ సర్వరులో ఉన్నారో మీరూ సరిగ్గా అక్కడికే చేరాలి. ఈ తేడాను మనసులో ఉంచుకొని ముందుకు చదవండి.

1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా 'మడ్' అనే ఆటను మొదలుపెట్టాడు. రిచర్డ్ బార్టిల్ దానిని కొనసాగించాడు. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. అందరూ టెర్మినళ్ళ ద్వారా ఒకే పెద్ద కంప్యూటరుకు చేరేవారు కనుక చిరునామా సమస్యే తలెత్తలేదు. 1993 నాటి 'డూమ్'లోనైతే సర్వరే లేదు. నెట్‌వర్కులోని నాలుగు కంప్యూటర్ల వరకు తమ ఆటగాళ్ళ కదలికలను పరస్పరం పంపుకొనేవి. ఒకటి వెనకబడితే అందరి ఆటా వెనకబడేది.

1996లో 'క్వేక్' ఈ పద్ధతిని మార్చింది. ఎవరికి దెబ్బ తగిలిందో తేల్చే అధికారం సర్వరు ఒక్కదానికే దక్కింది. దాని ఐపీ చిరునామా తెలిస్తే, 26000 అనే యూడీపీ పోర్టు ద్వారా చేరవచ్చు. యూడీపీయే ఎందుకు? దారిలో తప్పిపోయిన ప్యాకెట్టును మళ్ళీ రప్పించేలోగా ఆట ముందుకు సాగిపోతుంది. పాత కబురు అప్పుడు అందినా ప్రయోజనం ఉండదు.

2013లో డాకర్, 2014లో కుబెర్నెటీస్ వచ్చాయి. ప్రోగ్రామును దానికి కావలసిన సరంజామాతో సహా మూటగట్టి, ఆ మూటలను అనేక యంత్రాలపై నడపడం వీటి పని. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ ఏర్పాటు ప్రధానంగా వెబ్ సేవలకు తగినట్లు రూపొందింది. ఒక కంటైనరును తొలగించి, వేరొకచోట కొత్తది లేపితే వెబ్ పాఠకుడికి ఆ సంగతి తెలియనే తెలియదు. ఆటలో మాత్రం స్కోరూ, ఆటగాళ్ళ స్థానాలూ ఆ ఒక్క ప్రోగ్రాము మెమరీలోనే ఉంటాయి. దానిని ఆపితే అరగంట పోరాటం గాలిలో కలిసినట్లే. ఖర్చు తగ్గించుకోవడానికి చేసే పనే ఆటగాడి పాలిట శాపమవుతుందన్నమాట.

దీనికి పరిష్కారంగా 2018లో గూగుల్, యూబీసాఫ్ట్ కలిసి 'అగోనెస్'ను వెలువరించాయి. ఆటగాళ్ళను జతచేసే విభాగం సిద్ధంగా ఉన్న సర్వరును అడుగుతుంది. కేటాయించిన సర్వరును, యంత్రాల సంఖ్య తగ్గించేటప్పుడు, అగోనెస్ తొలగించదు. ఆ యంత్రం ఐపీ చిరునామా, సాధారణంగా 7000 నుంచి 8000 లోపు ఒక పోర్టు మీ కంప్యూటరుకు అందుతాయి. అక్కడి నుంచి మీరు నేరుగా ఆ సర్వరుతోనే మాట్లాడతారు. ఆట ముగిశాక సర్వరు మూతపడుతుంది, ఆ పోర్టు మరొకరికి పోతుంది. నిన్నటి చిరునామా రాసి పెట్టుకొని ఇవాళ ప్రయత్నిస్తే అక్కడ మీ ఆట ఉండదు.