లారీ డ్రైవర్ల పని గంటలు: బండిలో కాచుకోవడం రెస్టు కాదు

క్లెమెంటిలో మా బ్లాకు కింద సామాన్లు దింపే లారీల దగ్గర అప్పుడప్పుడు తెలుగు మాట వినిపిస్తుంది. "తినడానికి టైమివ్వరక్కా. లోడు దింపేదాకా బండిలో కూర్చున్నావుగా, అదే రెస్టు అంటారు" అన్నాడో డ్రైవరు తమ్ముడు.

సింగపూర్ ఎంప్లాయ్‌మెంట్ యాక్ట్ నాలుగో భాగం, నెల మూలవేతనం 4,500 డాలర్లు మించని కార్మికులకు వర్తిస్తుంది. లారీ, వ్యాను డ్రైవర్లు ఈ లెక్కలోకే వస్తారు, వర్క్ పర్మిట్ మీద వచ్చినవాళ్లూ అంతే. మామూలుగా రోజుకు 8 గంటలు, వారానికి 44. ఓవర్‌టైముతో కలిపినా రోజుకు 12 దాటకూడదు. ఓవర్‌టైము నెలకు 72 గంటలలోపే, దానికి ఒకటిన్నర రెట్లు జీతం. వారానికో రోజు సెలవు.

ఇక విరామం. ఏకధాటిగా 6 గంటలకు మించి పని చేయించకూడదు. మధ్యలో ఆపలేని పనైతే 8 గంటల దాకా సాగవచ్చు గానీ, భోజనానికి కనీసం 45 నిమిషాలు ఇవ్వాల్సిందే. మరి బండిలో కాచుకునే సమయం? యజమాని అధీనంలో ఉండి, మన ఇష్టప్రకారం కదిలే వీలు లేని సమయమంతా పని గంటలేనని చట్టంలోనే ఉంది. స్టీరింగు పట్టుకుంటేనే పని అనుకోవడం పొరపాటు.

యాప్‌ల ద్వారా డెలివరీ చేసేవాళ్లది వేరే సంగతి. వాళ్లకు 2025 జనవరి 1న వచ్చిన ప్లాట్‌ఫాం వర్కర్స్ యాక్ట్ ప్రమాద పరిహారం ఇస్తుంది, ఈ గంటల పరిమితులు మాత్రం వర్తించవు.

ఓవర్‌టైము డబ్బు బాకీ పడితే ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఏడాదిలోపు, మానేసినవాళ్లు 6 నెలల్లోపు టీఏడీఎంకి ఫిర్యాదు పెట్టుకోవాలి. బండెక్కిన టైము, కాచుకున్న టైము, తిన్న టైము రోజూ ఫోనులో రాసుకోమని ఆ తమ్ముడికి చెప్పాను.