అంటార్కిటికా లాగ్ ఫైళ్ళు

సర్వర్ పడిపోతే మనం ముందు వెతికేది లాగ్ ఫైళ్ళే కదా. అంటార్కిటికా మంచుకీ అలాంటి లాగొకటుంది, సముద్రం అడుగున!

ఖండం అంచు వెంబడి పారే అడుగు ప్రవాహాలు బురదని మోసుకెళ్ళి పేరుస్తాయని 1966లో హీజెన్, హోలిస్టర్, రడిమన్ రాశారు. వాళ్ళు చెప్పింది అమెరికా తూర్పు అంచు గురించి. అంటార్కిటికా పక్కనా అలాంటి బురద దిబ్బలున్నాయి. మంచు ముందుకొస్తే మట్టి ఎక్కువున్న పొర, వెనక్కి తగ్గితే సూక్ష్మజీవుల అవశేషాలు ఎక్కువున్న పొర. లక్షల ఏళ్ళ ఎంట్రీలు, ఒకదాని మీదొకటి.

జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ 1998లో అంటార్కిటిక్ ద్వీపకల్పం దగ్గర, 2019లో అముండ్‌సెన్ సముద్రంలో ఆ దిబ్బల్ని తొలిచి చదివింది. ఖర్చెక్కువైందని 2024లో దాన్ని ఆపేశారు. మంచు కరుగుతున్న ఈ టైములోనే లాగ్ చదివేవాణ్ణి ఇంటికి పంపడం, నాకైతే తెలివైన పొదుపులా అనిపించట్లేదు. మీరేమంటారు?