పశువుల రోగనిరోధక జన్యువులు: మన నాటు జాతుల సంపద

వ్యాధిక్రిమి పశువు శరీరంలో ప్రవేశించినప్పుడు, దాని తునకలను పట్టి తెల్ల రక్తకణాలకు చూపించే ప్రోటీన్లు కొన్ని ఉన్నాయి. ఆవులలో వాటిని నిర్మించే ముఖ్య జన్యువు 23వ క్రోమోజోముపై గల డీఆర్‌బీ3. దీనికి అనేక రూపాలు కలవు. ఒక్కొక్క రూపం కొన్ని రకాల తునకలనే బాగా పట్టగలదు. మందలో రూపాల వైవిధ్యం ఎక్కువైతే, కొత్త రోగాన్ని తట్టుకునే పశువులు మిగిలే అవకాశమూ ఎక్కువే.

బెంగళూరులోని జాతీయ పాడి పరిశోధన సంస్థ దక్షిణ ప్రాంతీయ కేంద్రం శాస్త్రవేత్తలు, సహచరులతో కలిసి మూడు దక్షిణాది జాతులలో ఈ జన్యువును పరిశీలించారు. ఆ జన్యుభాగాన్ని పీసీఆర్ పద్ధతిలో వృద్ధి చేసి, ఎంజైములతో ఖండించి, తునకల పొడవును బట్టి రూపాలను గుర్తించారు. 2012లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం మలనాడు గిడ్డలో 37, హళ్లికార్‌లో 29, ఒంగోలులో 21 రూపాలు కనిపించాయి. మలనాడు గిడ్డలో ఒక కొత్త రూపం కూడా బయటపడింది.

ఈ అంకెలను బట్టి ఒక జాతి బలమైనదని, మరొకటి బలహీనమైనదని భావించరాదు. అయితే నాటు జాతి అంతరిస్తే, దానిలో మాత్రమే ఉన్న రూపాలు తిరిగి రావు.

హళ్లికార్, ఒంగోలు ఆవులు గల రైతులు వాటిలో కొన్నింటినైనా స్వజాతి ఆబోతుతోనే దాటించాలి. ఆ ఆబోతు కూతుళ్లు ఎదకు రాకముందే దానిని మార్చాలి. జన్యుబలం ఎంత ఉన్నా గాలికుంటు టీకా మానరాదు.