రఫ్‌కాస్ట్: గరుకు పూత కథ

షేక్‌స్పియర్ ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’లో ఒక మనిషి గోడ వేషం కడతాడు. అతడు గోడేనని జనానికి తెలియడానికి ఒంటికి ఏం పూయాలన్న చర్చలో గార, బంకమట్టి, ‘రఫ్‌కాస్ట్’ అనే మూడు పేర్లు వస్తాయి. 1590ల ప్రేక్షకుడికి ఆ గరుకు పూత కనబడితే చాలు, గోడ అని పోల్చుకునేవాడు. ముచ్చటేమిటంటే ఇంగ్లిష్‌లో ఆ మాటకు చిత్తు రూపం, నగిషీ పట్టని పని అనే అర్థం కూడా ఉంది. గోడకు చేసే ఆఖరి పనికీ, ఇంకా పూర్తికాని పనికీ ఒకటే పేరు! తర్వాతి తరాలు పూతను కూడా ఈ రెండో అర్థంతోనే చూశాయి. దాని ఫలితం పాత గోడలు అనుభవించాయి.

స్కాట్లాండ్‌లో ఈ పూతను హార్లింగ్ అంటారు. సున్నం, ఇసుక, సన్న గులకరాళ్లు జారుగా కలిపి తాపీతో గోడకేసి విసిరికొడతారు. ఆ విసురుకు ముద్ద రాళ్ల సందుల్లోకి దూరి పట్టుకుంటుంది. గరుకుదనం వల్ల గాలి తగిలే మేర పెరిగి, వానకు తడిసిన గోడ త్వరగా ఆరుతుంది. 1626లో పూర్తయిన క్రేగీవర్ కోట గులాబీ రంగు పూతతో నేటికీ నిలిచి ఉంది. విక్టోరియా కాలం నుంచి మాత్రం రాయి బయటికి కనబడితేనే ప్రాచీనం అనే మోజు పెరిగి, ఎన్నో కట్టడాల పూత ఒలిచేశారు. ఇంగ్లండ్‌లో చర్చి గోడల పూతలు గీకేస్తుంటే, 1877లో డిజైనర్ విలియం మోరిస్ పాత కట్టడాల రక్షణకు సంఘమే పెట్టాడు.

రాయి అందాన్ని పూత దాచేస్తుంది కదా అంటారు. దానికి కిటికీలే జవాబు. చాలా పాత ఇళ్లలో కిటికీ చుట్టూ చెక్కిన రాళ్లు గోడకన్నా పూత మందమంత ముందుకు ఉంటాయి. కనబడాల్సిన రాయినీ కప్పాల్సిన రాయినీ మేస్త్రి అప్పుడే వేరుచేశాడు. సున్నం అరిగిపోతుంది, సిమెంటు గట్టిది అన్నది రెండో అభ్యంతరం. అరిగిపోవడమే సున్నప్పూత పని. తాను అరిగి రాయిని కాపాడుతుంది, తిరిగి పూసుకోవచ్చు. సిమెంటు గట్టితనం ఏం చేస్తుందో హెలెన్స్‌బరోలోని హిల్ హౌస్ చూపించింది. వాస్తుశిల్పి చార్లెస్ రెనీ మెకింటాష్ 1904లో ముగించిన ఆ ఇంటికి సిమెంటు పూత వేయించాడు. సన్నని నెర్రెల్లోంచి నీరు లోపలికి దిగింది, బయటికి పోయే దారి లేకపోయింది. గోడ ఆరడానికి 2019లో ఇల్లంతటినీ ఉక్కు వలల పెట్టెలో పెట్టాల్సి వచ్చింది. ఆ వల వానను ఆపి, గాలిని మాత్రం లోపలికి రానిస్తుంది.