వరిమడి నీటిలో నత్రజని స్థాపన: ఆధారాల పరిశీలన

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తర్వాత మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల్లోనూ, సూర్యాపేట పరిసరాల్లో కొంతమేరకూ నీరు నిలిచే వరిమళ్లు విస్తరించాయి. ఆ నీటిలోని కిరణజన్య బాక్టీరియా (నీలి ఆకుపచ్చ నాచు, ఊదా బాక్టీరియా) పైరుకు ఎంత నత్రజని అందిస్తుందో అంచనా కట్టాలంటే, అది ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు మానుకుంటుందో ముందు తేల్చుకోవాలి.

1. వరి నేలల్లో నత్రజని స్థాపనను పి.కె. డే 1939లో ప్రధానంగా నీలి ఆకుపచ్చ నాచుకు ఆపాదించారు. ఊదా బాక్టీరియాకూ ఈ శక్తి ఉందన్నది 1949లో గెస్ట్, కామెన్‌ల పరిశోధనతో వెల్లడైంది. రోడోస్పిరిలమ్ రూబ్రమ్ అనే ఊదా బాక్టీరియా వెలుతురులో హైడ్రోజన్ (ఇదీ స్థాపన ఎంజైము పనే) వదులుతుందనీ, అమ్మోనియం ఉంటే మానేస్తుందనీ వారు గమనించారు.

2. ఈ నిలుపుదలకు కారణం క్రమంగా తేలింది. ఒక నత్రజని అణువును స్థాపించడానికి కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులు కనీసం 16 ఖర్చవుతాయి. ఈ ఖర్చు వృథా కాకుండా, రూబ్రమ్‌లో అమ్మోనియం చేరినా, చీకటి పడినా స్థాపన జరిపే ఎంజైమైన నైట్రోజినేజ్‌లోని ఇనుప ప్రోటీన్‌కు ఒక రసాయన సమూహం అతుక్కుని దాన్ని స్తంభింపజేస్తుంది. ఆ సమూహాన్ని తొలగించే ఎంజైమును లడెన్, బరిస్ 1976లో వివరించారు.

3. నాచు మార్గం వేరు. అనబీనా వంటి జాతుల్లో స్థాపన హెటిరోసిస్టులనే ప్రత్యేక కణాల్లో జరుగుతుందని 1968లో ప్రతిపాదించారు. నత్రజని కొరత ఉన్నప్పుడు సుమారు 10–20 కణాలకొకటి చొప్పున అవి ఏర్పడతాయి. అమ్మోనియం సమృద్ధిగా ఉంటే సాధారణంగా ఏర్పడవు.

4. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో శశికళ, రమణ ప్రభృతులు రోడోబాక్టర్ స్పీరాయిడిస్ ఓ.యు. 001 రకంపై జరిపిన పరిశోధన తెలుగునేలకు సన్నిహితమైనది. అయితే వారు ప్రధానంగా పరిశీలించినది హైడ్రోజన్ ఉత్పత్తిని. అదీ నైట్రోజినేజ్ పనే అయినా, దాన్నిబట్టి పొలంలో చేరే నత్రజనిని లెక్కగట్టడం సమంజసం కాదు.

5. నాచు ఎరువుతో హెక్టారుకు 20–30 కిలోల నత్రజని చేరుతుందన్న మాట తరచు వినిపిస్తుంది. దాన్ని అన్ని మళ్లకూ వర్తించే స్థిరసంఖ్యగా తీసుకోలేం. యూరియా నేలలో అమ్మోనియంగా మారుతుంది. పైరు గుబురుకట్టాక నీటిపై వెలుతురూ తగ్గుతుంది. ఈ రెండూ స్థాపనను తగ్గించే పరిస్థితులే.

కాబట్టి రెండు వర్గాల్లో యంత్రాంగం వేరైనా, అమ్మోనియం ప్రభావం ఒకే దిశలో ఉందని చెప్పడానికి ఆధారాలు చాలినంత ఉన్నాయి. నాచునూ యూరియానూ ఒకేసారి చల్లితే నాచు వాటా తగ్గవచ్చు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ మళ్లలో నాచు చల్లి దిగుబడిని మాత్రమే కొలవడం చాలదు. యూరియా వేసిన తేదీ, నిలవనీటిలోని అమ్మోనియం, నీటిని చేరే వెలుతురు కూడా నమోదు చేయాలి. రైతుకు ఎరువు తగ్గించమని సలహా ఇచ్చేముందు ఈ మాత్రం రుజువు చూపడం న్యాయం.