ఒత్తు నుండి శ్రుతిపెట్టె వరకు: చిలకలూరిపేట నాదస్వర సాధనలో సహవాద్యం

సాధనకు ముందే సిద్ధపరచిన శ్రుతిని, తాళాన్ని యంత్రం ద్వారా వినిపించుకొంటూ వాయించడం నేడు అన్ని వాద్యాలలోనూ సాధారణమైంది. దీనిని కేవలం సౌకర్యంగానే చూడడం పరిపాటి. నాదస్వరం విషయంలో ఈ మార్పు ఒక వాద్యాన్నే కాక, మేళంలో ఒక మనిషి స్థానాన్ని కూడా తొలగించిందని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

గుంటూరు, ప్రకాశం ప్రాంతంలో ఆలయ సేవలోనూ, పెళ్లిళ్లలోనూ నాదస్వరాన్ని తరతరాలుగా నిలిపినవారిలో ముస్లిం కుటుంబాలు ప్రముఖమైనవి. షేక్ చిన మౌలానా (1924-1999) ఒంగోలు సమీపంలోని కరవదిలో జన్మించి, తండ్రి వద్ద తొలి పాఠాలు నేర్చి, చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ వద్ద శిష్యరికం చేశారు. తరువాత నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణుల వద్ద తంజావూరు బాణీని అభ్యసించి శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో సంగీత కళానిధి బిరుదు పొందారు.

ఆ తరం మేళంలో శ్రుతినిచ్చేది ఒత్తు. అది నాదస్వరాన్ని పోలిన వాద్యమే కాని, దానిపై స్వరాలు పలికించరు. అడుగుభాగంలోని రంధ్రాలను మైనంతో మూస్తూ శ్రుతిని సరిచేస్తారు. బుగ్గల్లో గాలి నిలిపి, ముక్కుతో శ్వాస తీసుకొంటూ, నాదం తెగకుండా ఊదడమే ఒత్తుకారుని పని. తరచుగా శిష్యుడే ఆ పని చేసేవాడు. చూపునకు అది చిన్న పాత్ర. అయితే గంటల తరబడి గురువు వెనుక నిలిచి రాగాలాపన వినే అవకాశం, శ్వాసపై పట్టు, కచేరీ నడక తెలియడం ఆ పాత్రలోనే సమకూరేవి. ఒత్తు పట్టడం కూడా విద్యాభ్యాసమే.

మొదట తిత్తితో పనిచేసే శ్రుతిపెట్టె, తరువాత ఎలక్ట్రానిక్ పరికరాలు ఆ స్థానాన్ని ఆక్రమించాయి. బెంగళూరుకు చెందిన వేణువాద్యకారుడు, ఇంజినీరు జి. రాజ్‌నారాయణ్ 1979లో ఎలక్ట్రానిక్ తంబురను రూపొందించారు. ఇప్పుడు ధ్వనిముద్రిత తంబుర నాదం చేతిఫోనులోనే లభిస్తుంది. పాశ్చాత్య సంగీతంలోనూ ఇటువంటి ప్రయత్నం ఉంది. అమెరికాలో 1950లో మొదలైన 'మ్యూజిక్ మైనస్ వన్' రికార్డులు ఒక వాద్యభాగాన్ని విడిచి తక్కిన బృందాన్ని వినిపించేవి. అక్కడ ఖాళీగా ఉంచినది అభ్యాసకుని స్థానం. ఇక్కడ యంత్రం పూరించినది అభ్యాసకుని స్థానమే. ఈ వ్యత్యాసం గమనార్హం.

లాభాన్ని కాదనలేము. ఒత్తుకారుడు, డోలు విద్వాంసుడు లేకున్నా ఇంట్లో ఒంటరిగా సాధన సాగుతుంది. శ్రుతి చలించదు కనుక అపస్వరం వెంటనే తెలుస్తుంది. కాని ఊపిరి తేమకు రెల్లు నాలుక మెత్తబడి నాదం స్వల్పంగా మారినపుడు ఒత్తుకారుడు దానిని విని తానూ సర్దుకొనేవాడు, యంత్రం సర్దుకోదు. డోలు విద్వాంసుడు వాదకుని సంగతికి బదులిస్తాడు. ముద్రిత తాళం బదులివ్వదు.

చిన మౌలానా శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. పరంపర నిలిచే ఉందనడానికి ఇది నిదర్శనం. అయితే మేళంలో శిష్యుడు తొలిగా నిలిచే చోటు ఇప్పుడు లేదు. కనుక నాదస్వర బోధనలో యంత్రశ్రుతిని సాధనకు పరిమితం చేసి, బృందంగా వాయించేటప్పుడైనా శిష్యునికి ఒత్తు పట్టించడం గురించి సంగీత కళాశాలలు ఆలోచించవలసి ఉంది.