పేరు పరిషత్తుది, పాలన ప్రభుత్వానిది

సికింద్రాబాదు సీతాఫల్‌మండిలోని సర్కారు బడి నేరుగా విద్యాశాఖ అధీనంలోనిది. సమీపంలోని ఉప్పల్‌లో ఉన్నత పాఠశాల బోర్డుపై మాత్రం జిల్లా పరిషత్తు పేరు కనిపిస్తుంది. ఈ భేదానికి మూలం పాలనాచరిత్రలో ఉంది. 1959 నాటి చట్టం ప్రాథమిక పాఠశాలలను పంచాయతీ సమితులకు, ఉన్నత పాఠశాలలను జిల్లా పరిషత్తులకు అప్పగించింది. 1978లో గ్రామీణ ప్రాంతం రంగారెడ్డి జిల్లాగా విడిపోగా, హైదరాబాదు జిల్లాకు పరిషత్తు లేకుండాపోయింది.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం 1989లో జెర్సీ సిటీ పాఠశాలల పాలనను స్థానిక బోర్డు నుండి తప్పించి తానే స్వీకరించింది. తెలుగునాట స్వాధీనం అలా ఒక్కసారిగా జరగలేదు. జీతాలు, నియామకాలు, బదిలీలు, పాఠ్యక్రమం విడతలవారీగా రాష్ట్రం చేతికి చేరాయి. పరిషత్తుకు ప్రధానంగా పేరే మిగిలింది. ఆ పేరును ఆశ్రయించుకొనే ప్రభుత్వ, పంచాయతీరాజ్ ఉపాధ్యాయుల సర్వీసులు వేరువేరుగా నిలిచాయి. వాటిని ఏకీకృతం చేయడానికి 2017లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులను 2018లో హైకోర్టు కొట్టివేసింది.

పదోన్నతి ఎవరి హక్కో తేలనందున మండల విద్యాధికారి పోస్టులు అనేకం ఏళ్లతరబడి ఖాళీగా ఉండి, ప్రధానోపాధ్యాయులే వాటిని అదనపు బాధ్యతగా మోయవలసి వచ్చింది. అధికారం రాష్ట్రానికి చేరినా సర్వీసు చిక్కు విడలేదు. అందువల్ల నష్టపోయింది పర్యవేక్షణ కొరవడిన పల్లె బడి.